కిలోమీటర్ల లెక్క మన చేతిలోనూ ఉండాలి

ప్రతి సంవత్సరం జనవరి మొదలుకొని మార్చి వరకు యూనియన్ కార్యాలయం గడప తొక్కే సభ్యులందరూ ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుతారు. “ఈ నెల జీతంలో ఇంత పన్ను ఎందుకు కోశారు?” ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి మేము ముందుగా మరొక ప్రశ్న వేయవలసి వస్తున్నది. “గడచిన ఏడాదిలో మీరు డ్యూటీపై ఎన్ని కిలోమీటర్లు తిరిగారు? అందులో ఏ భత్యం కింద ఎంత పుచ్చుకున్నారు?” ఈ ప్రశ్నకు పదిమందిలో తొమ్మండుగురు నేల చూపులు చూస్తారు. “ఆఫీసులో ఉంటుంది కదండీ” అంటారు. ఆఫీసులో ఉండే మాట నిజమే. ఆ లెక్క సరిగా ఉన్నదో లేదో పోల్చి చూడటానికి మన దగ్గర ఏమున్నదన్నదే అసలు విషయం.

దూరం మన వృత్తికి ప్రాణం. ఒక రైతు పొలాన్ని ఎకరాలతో కొలిచినట్లు, నేతగాడు వస్త్రాన్ని గజాలతో కొలిచినట్లు, రైల్వే ఉద్యోగి, తపాలా ఉద్యోగి తమ శ్రమను దూరంతో కొలుచుకుంటారు. లోకో పైలట్‌కు, 2022 జనవరి నుండి ట్రైన్ మేనేజర్ అని కొత్త పేరు పొందిన గార్డుకు, జీతంలో గణనీయమైన భాగం కిలోమీటరు భత్యంగానే వస్తున్నది. పోస్టుమాన్ బీటు పొడవునుబట్టి, గ్రామీణ డాక్ సేవక్ తిరిగే మార్గం పొడవునుబట్టి వారి పనిభారం నిర్ణయమవుతున్నది. ఇతర రైల్వే సిబ్బంది హెడ్‌క్వార్టర్సు విడిచి 8 కిలోమీటర్ల పరిధి దాటి డ్యూటీకి వెళితే ప్రయాణ భత్యం వస్తున్నది. ఇంతగా దూరంమీద బ్రతికే మనం ఆ దూరానికి సొంత లెక్క పెట్టుకోకపోవడం వింత.

ఈ దేశంలో 1854కు పూర్వం ఉత్తరం వెల కూడా దూరాన్నిబట్టే ఉండేది. ఎన్ని మైళ్లు పోతే అంత సుంకం. ఆ సంవత్సరం వచ్చిన తపాలా చట్టంతో దూరంతో నిమిత్తం లేని ఏకరూప సుంకం అమలులోకి వచ్చింది. ఉత్తరానికి మైళ్లనుండి విముక్తి కలిగింది గాని, ఆ ఉత్తరాన్ని మోసే మనిషికి కలుగలేదు. నాటి హర్కారా పరుగెత్తిన మైళ్లు, నేటి పోస్టుమాన్ తొక్కే కిలోమీటర్లు అతని కాళ్ల మీదనే ఉన్నాయి. కావున వాటికి వెల కట్టే అంకె ఎవరు వ్రాస్తారు, ఎలా వ్రాస్తారు అన్నది మనకు చిన్న విషయం కాదు.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 10వ సెక్షన్, 14వ ఉపవిభాగం ఉద్యోగికిచ్చే భత్యాలను రెండు తరగతులుగా విభజించింది. మొదటి తరగతి, విధినిర్వహణ కొరకు పూర్తిగా, తప్పనిసరిగా, ప్రత్యేకంగా అయ్యే ఖర్చుల నిమిత్తం ఇచ్చేది. టూరుపై వెళ్లినప్పటి ప్రయాణ భత్యం, దినభత్యం, డ్యూటీలో తిరగడానికిచ్చే వాహన భత్యం ఈ కోవలోనివి. వీటికి మినహాయింపు నిజంగా అయిన ఖర్చు మేరకే లభిస్తుంది. పుచ్చుకున్నది 1,000 రూపాయలై, ఖర్చయినది 700 అయితే, మిగిలిన 300 ఆదాయమే. రెండవ తరగతి భత్యాలకు నిబంధనలలో ఒక హద్దు నిర్ణయించారు. ఆ హద్దు వరకు ఖర్చు రుజువు అడగరు.

రన్నింగు సిబ్బంది భత్యం ఈ రెండవ తరగతిలోనిది. నిబంధన 2బి.బి. ప్రకారం, రవాణా వ్యవస్థలో వాహనాన్ని ఒకచోటినుండి మరొకచోటికి నడిపే డ్యూటీలో స్వంత ఖర్చుల నిమిత్తం ఇచ్చే భత్యంలో 70 శాతం, నెలకు 10,000 రూపాయలకు మించకుండా, పన్ను నుండి మినహాయింపు పొందుతుంది. అయితే ఆ ఉద్యోగి దినభత్యం పుచ్చుకొంటూ ఉండరాదు. ఈ హద్దు లోగడ 6,000 రూపాయలుండగా 2008 సెప్టెంబరు 1 నుండి 10,000 చేశారు. 2025 నాటికి కూడా అది అక్కడే నిలిచి ఉన్నది.

ఇది కాగితం మీద ఎట్లా పనిచేస్తుందో చూడండి. ఒక లోకో పైలట్‌కు ఒక నెలలో 12,000 రూపాయల కిలోమీటరు భత్యం వచ్చినది. అందులో 70 శాతం 8,400. అది మొత్తం మినహాయింపే. మరొక నెలలో 16,000 వచ్చినది. 70 శాతం 11,200 అవుతుంది గాని, హద్దు 10,000 గనుక 6,000 పన్నుకు లోబడుతుంది. నెలకు సుమారు 14,286 రూపాయలు దాటిన తరువాత అదనంగా నడిపిన ప్రతి కిలోమీటరు సంపాదనమీద పూర్తిగా పన్ను పడుతుంది. ఏడాది పొడుగునా హద్దు మేరకు మినహాయింపు వస్తే 1,20,000 రూపాయలు. పాత పద్ధతిలో 20 శాతం శ్రేణిలో ఉన్న ఉద్యోగికి సెస్సుతో కలిపి దాని విలువ 24,960 రూపాయలు. అది ఒక బిడ్డ కళాశాల ఫీజు. దీనిని “ఆఫీసులో ఉంటుంది” అని వదలివేయగలమా?

ఇక్కడ రెండు పన్ను పద్ధతుల సంగతి చెప్పకపోతే సభ్యులను తప్పుదారి పట్టించినట్లవుతుంది. 2023–24 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త పద్ధతియే సహజ పద్ధతి అయినది. అంటే ఉద్యోగి నోరు విప్పి పాత పద్ధతి కావాలని కోరకపోతే కొత్త పద్ధతిలోనే పన్ను కోస్తారు. కొత్త పద్ధతిలో రన్నింగు భత్యానికి ఈ 70 శాతం మినహాయింపు లేదు. టూరు ప్రయాణ భత్యం, దినభత్యం, విధినిర్వహణలో తిరగడానికిచ్చే వాహన భత్యం, వికలాంగ ఉద్యోగులకు నెలకు 3,200 రూపాయల రవాణా భత్యం, ఇవి మాత్రం కొత్త పద్ధతిలోనూ మినహాయింపుగా నిలిచాయి. మరొకవైపు 2025–26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల ఆదాయం వరకు రాయితీ వలన పన్ను లేదు. కనుక చాలామంది సభ్యులకు కొత్త పద్ధతియే లాభసాటి కావచ్చును. అయితే సర్వీసు పెరిగి, ఓవర్‌టైము, రాత్రి డ్యూటీ, కిలోమీటర్ల సంపాదన కలిసి ఆ హద్దు దాటే సీనియర్ సిబ్బంది రెండు పద్ధతులలోనూ లెక్క వేసుకొని చూడాలి. ఇంటి అప్పు వడ్డీ, భవిష్యనిధి, ఇంటి అద్దె, రన్నింగు భత్యం నాలుగూ కలిస్తే ఒక్కొక్కరి ఫలితం ఒక్కొక్క విధంగా ఉంటుంది. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం పద్ధతిని ఎంచుకొనవచ్చును. ఎంపిక చేయడానికి అంకెలు కావాలి. అంకెలు మన దగ్గర లేకపోతే ఎంపిక హక్కు కాగితం మీద మాత్రమే ఉంటుంది.

2025లో పార్లమెంటు ఆమోదించిన నూతన ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి పాత చట్టం స్థానంలోకి వచ్చినది. పైన చెప్పిన సెక్షన్లు, హద్దులు 2025–26 వరకు వర్తించిన పాత చట్టానివి. తరువాతి సంవత్సరాలకు ఆయా సంవత్సరపు ఉత్తర్వులనే చూసుకోవాలి. సెక్షన్ల నంబర్లు మారినా, “ఎప్పుడు, ఎక్కడికి, ఎంత దూరం, ఏ పని మీద” అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన అగత్యం మారదు.

మాకు స్వయంగా తెలిసిన ఒక ఉదంతం చెప్పుతాము. చాలా ఏళ్ల క్రితం ఒక డివిజనులో శ్రీకాకుళం ప్రాంతపు గార్డు ఒకరు ఉండేవారు. చదువు ఎనిమిదవ తరగతి. ఒక ఏడాది ఆయనకు మార్చి జీతంలో సగానికి పైగా పన్నుకింద పోయినది. విచారించగా, ఆయన రెండు వారాల శిక్షణకు వెళ్లి దినభత్యం పుచ్చుకున్నారు గనుక ఏడాది మొత్తానికి రన్నింగు భత్యపు మినహాయింపు వర్తించదని ఆఫీసు వారు తేల్చినట్లు తెలిసినది. మేము కాగితాల కోసం తడుముకొంటూ ఉండగా ఆయన ఖాకీ చొక్కా జేబులోనుండి అట్ట నలిగిన ఒక చిన్న నోటుపుస్తకం తీసి, “లెక్క ఇందులో ఉంది బాబూ, చూసుకోండి” అన్నారు. పంతొమ్మిది సంవత్సరాలుగా ఆయన పెట్టిన అలవాటు అది. ఏ తేదీన ఏ బండి, ఎక్కడినుండి ఎక్కడికి, సైన్ ఆన్ ఎన్ని గంటలకు, సైన్ ఆఫ్ ఎన్ని గంటలకు, ఎన్ని కిలోమీటర్లు, అన్నీ వరుసగా ఉన్నాయి. శిక్షణకు వెళ్లిన రోజుల వద్ద ఎర్ర సిరాతో గీత గీసి ఉన్నది. ఆ రోజులలో ఒక్క కిలోమీటరు భత్యం కూడా ఆయన కోరలేదని, మిగిలిన పదకొండున్నర నెలలలో ఒక్క దినభత్యం కూడా పుచ్చుకొనలేదని ఆ పుస్తకం చూపినది. జీతపు బిల్లులతో దానిని పోల్చి చూపిన మీదట ఆఫీసు వారు తమ లెక్కను సవరించారు.

అదే డివిజనులో అదే ఇబ్బంది ఎదుర్కొన్న మరి ముగ్గురు ఉన్నారు. వారి దగ్గర నోటుపుస్తకం లేదు. యూనియన్ వారి తరఫున అన్నే ఉత్తరాలు వ్రాసినది, అన్నేసార్లు అధికారుల ముందు కూర్చున్నది. ఏ రోజు ఏ భత్యమో చెప్పలేని చోట మా వాదనకు బలం చాలలేదు. వారిలో ఒకరికి కొంత తిరిగి వచ్చినది. ఇద్దరికి రాలేదు.

ఇప్పుడు కొందరు యువ సభ్యులు ఒక ప్రశ్న వేస్తున్నారు. “ఇప్పుడు అంతా కంప్యూటరు కదా. లాబీలో క్రూ మేనేజిమెంటు వ్యవస్థ ఉన్నది. సైన్ ఆన్, సైన్ ఆఫ్ అందులోనే నమోదవుతున్నాయి. కిలోమీటర్లు అదే లెక్కిస్తున్నది. మరి చేతి పుస్తకం ఎందుకు?” ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. యంత్రం పాత మైలేజీ బిల్లుల తప్పులను చాలావరకు తగ్గించిన మాట వాస్తవం. అయితే యంత్రంలో ఎక్కినదే యంత్రం చెబుతుంది. స్పేరుగా ప్రయాణించిన ట్రిప్పు, దారిలో ఆగిపోయిన గంటలు, చివరి నిమిషంలో మార్చిన బండి, మధ్య స్టేషనులో చేయించిన షంటింగు, ఇవి నమోదు కాకుండా జారిపోయే అవకాశం ఉన్నది. నెల గడచిన తరువాత జ్ఞాపకంతో వాటిని నిరూపించలేము. అన్నిటికన్నా ముఖ్యం, ఆ యంత్రం యాజమాన్యానిది. ఒకే లెక్క ఉండి అది కూడా ఎదుటివారి దగ్గరే ఉంటే దానిని లెక్క అనము, తీర్పు అంటాము.

ఈ పాఠం మన ఉద్యమ చరిత్రకు కొత్తది కాదు. గార్డెన్ రీచ్‌లో కేంద్ర కార్యాలయం ఉన్న నాటి బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ఖర్గపూర్ వర్క్‌షాపులో, గంజాం నుండి, విశాఖ జిల్లానుండి వచ్చిన వేలాది తెలుగువారు చెమటోడ్చారు. వారి మధ్యనే పనిచేసి, కార్మిక నాయకుడుగా పైకి వచ్చిన వరాహగిరి వేంకటగిరి తరువాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు. 1927లో ఖర్గపూర్‌లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా జరిగిన పోరాటం ఈ కలకత్తా పరిసరాల కార్మిక చరిత్రలో చెరగని ఘట్టం. 1946 జూలైలో తపాలా ఉద్యోగులు సమ్మె కట్టినప్పుడు, ఆ నెల 29న కలకత్తా నగరమంతా వారికి మద్దతుగా స్తంభించినది. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె దరిమిలా పది గంటల డ్యూటీ సూత్రాన్ని ప్రభుత్వం అంగీకరించినది. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మెను ఈనాటికీ ఎవరూ మరువలేదు. ఈ పోరాటాలన్నిటి వెనుక గంటలు, రూపాయలు, మనుషుల సంఖ్య అనే అంకెలే ఉన్నాయి. పది గంటల సూత్రం ఎంత గొప్పదైనా, తాను ఏ నిమిషాన సైన్ ఆన్ చేశాడో తెలియని మనిషికి అది అక్కరకు రాదు.

1981 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చిన రన్నింగు భత్యాల నిబంధనలు రన్నింగు భత్యంలో జీతభాగం ఇమిడి ఉన్నదని అంగీకరించాయి. మూలవేతనంలో 30 శాతాన్ని జీతభాగంగానూ, పింఛను మొదలైన విరమణ ప్రయోజనాలకు 55 శాతాన్ని చేర్చి లెక్కించడం ఆ నిబంధనల ఫలితమే. మిగిలినది డ్యూటీపై ఇల్లు విడిచి తిరిగే మనిషి తిండికి, బసకు, ప్రయాణపు ఖర్చులకు. కనుక ఆ భాగం మీద పన్ను వేయరాదనే మన వాదన దయాభిక్ష కోరే వాదన కాదు. టూరుకు వెళ్లిన ఆఫీసు ఉద్యోగి దినభత్యానికి పన్ను లేదు. హౌరా నుండి బండి నడుపుకొని వెళ్లి రన్నింగు రూములో పడుకొని వచ్చే మనిషి భత్యానికి మాత్రం హద్దు దాటితే పన్ను. పైగా 2017 జూలై 13 నాటి ఆర్థికశాఖ ఉత్తర్వు ప్రకారం కరువుభత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ప్రయాణ భత్యపు రేట్లు 25 శాతం పెరగాలి. 2024 జనవరి 1న కరువుభత్యం ఆ 50 శాతానికి చేరినది. ధరలతోపాటు టూరు భత్యం పెరగడం న్యాయమైనప్పుడు, రన్నింగు భత్యపు మినహాయింపు హద్దు పదిహేడు సంవత్సరాలు ఒకేచోట నిలిచిపోవడం ఏ న్యాయం?

తపాలా సోదరుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఏడవ వేతన సంఘం సైకిలు భత్యాన్ని రద్దు చేయాలని సిఫారసు చేసినది. ఉద్యోగ సంఘాల ఒత్తిడి ఫలితంగా ప్రభుత్వం 2017లో ఆ సిఫారసును త్రోసిపుచ్చి, పోస్టుమాన్లకు, రైల్వే ట్రాక్‌మన్లకు దానిని నెలకు 90 రూపాయల నుండి 180 చేసినది. రోజుకు ఆరు రూపాయలు! ఒక టైరు పంక్చరుకు కూడా చాలని ఈ మొత్తాన్ని పెంచాలని మనం అడిగినప్పుడు ఎదుటినుండి వచ్చే మొదటి మాట, “ఎంత దూరం తిరుగుతున్నారో లెక్క చూపండి” అన్నదే. ఒక్కొక్క బీటు పోస్టుమాన్ మూడు నెలలపాటు తాను తొక్కిన దూరాన్ని, మార్చిన ట్యూబులను, బ్రేకు కట్టలను వ్రాసి పెడితే, అటువంటి కాగితాలు వందల సంఖ్యలో బల్లమీద పెట్టినప్పుడు ఆ ప్రశ్న తిరిగి వారిమీదికే వెళుతుంది.

గ్రామీణ డాక్ సేవక్‌లకు ఇది పన్ను సమస్య కాదు, బువ్వ సమస్య. వారికి ఇచ్చే భత్యం 2018 జూలై 1 నుండి నాలుగు గంటల పనికి ఒక మెట్టు, ఐదు గంటల పనికి మరొక మెట్టుగా నిర్ణయమైనది. బ్రాంచి పోస్టుమాస్టరుకు ఆనాటి మూలం 12,000, 14,500 రూపాయలు. సహాయ బ్రాంచి పోస్టుమాస్టరుకు, డాక్ సేవక్‌కు 10,000, 12,000. నాలుగు గంటలా, ఐదు గంటలా అన్నది నిర్ణయించడంలో తిరిగే దూరానికి స్థానం ఉన్నది. ఊరు పెరిగి కొత్త వాడలు వెలసినా, పాత రికార్డులో పాత దూరమే ఉంటే నెలనెలా 2,000 రూపాయలకు తక్కువ కాకుండా నష్టం. అందుచేత డాక్ సేవక్ నోటుపుస్తకంలో ఒక్కొక్క వాడ పేరు, దాని దూరం ఉండి తీరాలి.

బయటి దేశాల అనుభవం కూడా గమనించదగినది. అమెరికాలో స్వంత వాహనంపై వ్యాపార నిమిత్తం తిరిగే వారికి పన్నుశాఖ మైలు ఒక్కింటికి ఒక రేటు ప్రకటిస్తుంది. 2025కు అది 70 సెంట్లు. అయితే తేదీ, చోటు, పని, మైళ్లు ఎప్పటికప్పుడు వ్రాసి ఉంచనివారికి ఆ తగ్గింపు నిలవడం కష్టం. పైగా ఆ తగ్గింపు స్వంత వ్యాపారస్థులకే. ఉద్యోగులు తమ జేబునుండి పెట్టిన ఖర్చును తగ్గించుకొనే సౌకర్యాన్ని అక్కడ 2018 నుండి ఎత్తివేశారు. ఆ దేశపు గ్రామీణ తపాలా బట్వాడా ఉద్యోగులలో అనేకులు తమ సొంత కార్లలోనే ఉత్తరాలు పంచుతారు. వారికి యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం వాహన నిర్వహణ భత్యం చెల్లిస్తారు. ఆ భత్యాన్ని వారి ఖర్చుతో సమానంగా పరిగణించే ప్రత్యేక నిబంధన 1997లో వారి పన్ను చట్టంలో చేరినది. విడివిడిగా లెక్కలు పెట్టుకోవడం ఒక దశ. అందరి తరఫున ఒక్క నిబంధన సాధించడం పై దశ. మొదటి దశ దాటకుండా రెండవ దశకు చేరలేము.

ఇంతవరకు యాజమాన్యం గురించి, ప్రభుత్వం గురించి చెప్పాము. మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక సభ్యుడు చార్జిషీటు చేత పట్టుకొని మా వద్దకు వచ్చాడు. టి.ఎ. జర్నలులో ఒక రోజు టూరు వెళ్లినట్లు వ్రాశాడు. అదే రోజు ఆఫీసు హాజరు పట్టీలో అతని సంతకం ఉన్నది. ఆశించిన మొత్తం నాలుగు వందల రూపాయలు కూడా కాదు. ఇరవై రెండు సంవత్సరాల మచ్చలేని సర్వీసు. “అందరూ వ్రాసేదే కదా” అన్నాడు. మేము అతనికి సహాయంగా విచారణలో కూర్చున్నాము గాని, చెప్పడానికి మా దగ్గర మాట లేదు. శిక్ష తగ్గించమని ప్రాధేయపడటం తప్ప మరి దారి లేకపోయినది. అతని ఇంక్రిమెంట్లు పోయాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి జరిగినది. ఆ తరువాత చాలాకాలం ఆ ఆఫీసులో న్యాయమైన టి.ఎ. బిల్లులను కూడా అనుమానంతో చూశారు. ఒక అబద్ధపు కిలోమీటరు వంద నిజమైన కిలోమీటర్ల విలువ తీసివేస్తుంది. యూనియన్ సభ్యుడు వ్రాసే లెక్క అణా పైసలతో సహా నిజమై ఉండాలి. ఈ విషయంలో మాకు రెండవ అభిప్రాయం లేదు.

ఇక చేయవలసిన పని చెప్పుతాము. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక చిన్న నోటుపుస్తకం, ఒక కలము చాలు. ప్రతి డ్యూటీ ముగిసిన రోజుననే తేదీ, బండి లేక బీటు నంబరు, బయలుదేరిన చోటు, చేరిన చోటు, సైన్ ఆన్, సైన్ ఆఫ్ వేళలు, కిలోమీటర్లు వ్రాయాలి. స్పేరు ప్రయాణమైనా, షంటింగు అయినా, శిక్షణ అయినా ఆ మాట వేరుగా వ్రాయాలి. స్వంత మోటారు సైకిలుపై డ్యూటీకి తిరిగితే బయలుదేరేటప్పుడు, తిరిగి వచ్చినప్పుడు మీటరు అంకె వ్రాయాలి. ఇంటినుండి ఆఫీసుకు, లాబీకి వెళ్లే దూరం డ్యూటీ ప్రయాణం కాదు. దానిని ఇందులో కలపరాదు. ఆ ప్రయాణపు ఖర్చు నిమిత్తం సాధారణ ఉద్యోగులకు ఉన్న నెలకు 1,600 రూపాయల మినహాయింపును 2018 బడ్జెటుతో స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపివేశారు.

నెలాఖరున పుస్తకంలోని మొత్తాన్ని జీతపు చీటీతో పోల్చాలి. తేడా ఉంటే ఆ నెలలోనే వ్రాతపూర్వకంగా తెలియజేసి, నకలుపై అందినట్లు సంతకం పుచ్చుకోవాలి. టి.ఎ. బిల్లులు దాచిపెట్టి ఒక్కసారిగా ఇచ్చే అలవాటు మానాలి. 2018 మార్చి 13 నాటి ఆర్థికశాఖ ఉత్తర్వుతో బిల్లు దాఖలుకు గడువు ఒక సంవత్సరం నుండి 60 రోజులకు తగ్గినది. ఆ ఉత్తర్వు తెలియక ఎందరో న్యాయమైన సొమ్ము పోగొట్టుకున్నారు. సంవత్సరాంతంలో ఆఫీసు ఇచ్చే జీతపు పన్ను సర్టిఫికెట్టులో మినహాయింపు భత్యాల అంకెను మన పుస్తకంతో సరిచూసుకోవాలి. అక్కడ తప్పు ఉంటే పన్ను రిటర్నులో సరిచేసుకొనే హక్కు ఉన్నది, రుజువు ఉన్నవారికి. పాత పుస్తకాలను కనీసం ఆరు సంవత్సరాలు పారవేయకుండా ఉంచడం మేలు.

బ్రాంచీలు కూడా తమ వంతు చేయాలి. ప్రతి లాబీలో, ప్రతి సార్టింగు ఆఫీసులో, ప్రతి డెలివరీ పోస్టాఫీసులో ఈ విషయం తెలిసిన ఒక సభ్యుడు ఉండాలి. డిసెంబరులోగా ఒక ఆదివారం సభ్యులను కూర్చోబెట్టి రెండు పన్ను పద్ధతులలోనూ లెక్క వేయించాలి. మార్చి జీతం కోతపడిన తరువాత గోల పెట్టడం కన్నా ఇది వేయిరెట్లు మేలు.

మన కోర్కెలు స్పష్టమైనవి. రన్నింగు భత్యపు మినహాయింపు హద్దును కరువుభత్యంతో ముడిపెట్టి, అది పెరిగినప్పుడల్లా తానుగా పెరిగేటట్లు చేయాలి. ఏ పన్ను పద్ధతిని ఎంచుకున్నా ఆ మినహాయింపు వర్తించాలి. ప్రతి రన్నింగు ఉద్యోగికి నెలనెలా ట్రిప్పులవారీగా కిలోమీటర్ల వివరం ఇవ్వాలి. పోస్టుమాన్ల, ట్రాక్‌మన్ల సైకిలు భత్యాన్ని నేటి ధరలకు తగినట్లు నిర్ణయించాలి. డాక్ సేవక్‌ల మార్గాలను యూనియన్ ప్రతినిధుల సమక్షంలో తిరిగి కొలవాలి.

ఈ కోర్కెల పత్రం ఢిల్లీలో బల్లమీద పెట్టేనాడు దానికి తోడుగా సభ్యుల నోటుపుస్తకాల లెక్కలు కూడా ఉండాలని మా ఆశ. శ్రీకాకుళపు గార్డు పదవీ విరమణ చేసిన రోజున సన్మాన సభలో ఆయనకు శాలువా కప్పారు, ఒక గోడగడియారం ఇచ్చారు. ఆయన మాత్రం తన చివరి నోటుపుస్తకాన్ని యూనియన్ కార్యదర్శి చేతిలో పెట్టి, “కొత్త కుర్రాళ్లకు చూపించండి” అని ఒక్కమాట అని కూర్చున్నారు. ఆ మాట ఇప్పుడు మీకు చేరవేస్తున్నాము. ఈ సంచిక చదివిన సభ్యుడు రేపటి డ్యూటీ నుండే మొదటి పుట వ్రాయడం ప్రారంభించవలసిందిగా కోరుతున్నాము.